పది చెంబుల వాన

పసిబిడ్డకు నీళ్ళు పోయడమంటే మా ఆవిడకు ఒక యజ్ఞం. నలుగుపిండి, ఆముదం, సాంబ్రాణి, రెండు కాగుల వేడినీళ్ళు, ఒక బిందె చన్నీళ్ళు, కాళ్ళు బారచాపుకుని కూర్చోడానికి పీట. ఇవన్నీ అమరితేగాని ఆవిడ చేతులు కదలవు. అలాంటి మనిషి, 2025 జనవరిలో ఒకనాటి వుదయం, మూడంటే మూడు చెంబుల గోరువెచ్చని నీళ్ళతో మా మేనకోడలి కూతురికి స్నానం కానిచ్చింది. పైగా ఆ నీళ్ళు కింద పెట్టిన బేసిన్లో పట్టి, దాంతోనే స్నానాలగది కడిగింది. నేను చదువుతున్న పేపరు పక్కన పెట్టాను. ముప్ఫయ్యారేళ్ళ కాపురంలో ఆవిడ నీళ్ళు లెక్కపెట్టి వాడటం నేను చూడడం అదే మొదటిసారి.

ఇది ఏ ఎడారి దేశంలోనో జరిగిన సంగతి అనుకునేరు. కాదు. ఏడాదికి సగటున రెండువేల మిల్లీమీటర్ల వాన కురిసే మారిషస్ దీవిలో. మన హైదరాబాదులో కురిసేదానికి రెండింతలు పైమాటే.

మా మేనకోడలి రెండో కాన్పుకు మేమిద్దరం వెళ్ళాం. వాళ్ళుండే వూరి పేరు వాక్వా. ఆ మాటకు అర్థం మొగలిచెట్లని తరవాత తెలిసింది. వూరికి కాస్త పైన, గుట్టల నడుమ, ‘మార్ ఓ వాక్వా’ అనే పెద్ద జలాశయం వుంది. అంటే మొగలి మడుగు అన్నమాట. 1885లో కట్టిన ఆ చెరువే నేటికీ దీవిలోకెల్లా పెద్దది. దాని నీడలాంటి చోట కాపురముంటూ మా పిల్ల పొద్దున్నే నాలుగింటికి లేచి, కుళాయి వచ్చే వేళకు బకెట్లు వరసపెట్టేది. మిగతా రోజంతా మేడమీది నల్లటి ట్యాంకే దిక్కు. అందులో నీళ్ళెన్ని వున్నాయో చూడ్డానికి మా అల్లుడు ఒక వెదురుకర్రకు గీతలు పెట్టుకున్నాడు.

అల్లుడి కథ ఇంకా విచిత్రం. అతనికి రాజధాని పోర్ట్ లూయీలో వుద్యోగం. 2024 జనవరి 15న బెలాల్ తుపాను వచ్చినప్పుడు, ఆఫీసులు మూసేసి అందరినీ ఇళ్ళకు వెళ్ళమన్న సమయానికి రోడ్లన్నీ ఏళ్ళయిపోయాయి. ఇతని కారు నీళ్ళమీద తేలి, తిరిగి, ఇంకో కారును గుద్దుకుని, పక్కకు ఒరిగి పోయింది. కారు వదిలేసి, ఎవరింటి మెట్లమీదో సాయంత్రం దాకా కూర్చుని, చీకటి పడ్డాక ఎలాగో ఇల్లు చేరాడు. ఆ వేళ మా పిల్ల పెద్దవాణ్ణి చంకనేసుకుని గుమ్మంలోనే నిలబడి వుందట. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, జలాశయాలు సగానికన్నా కిందికి దిగిపోయి, గొట్టం పెట్టి కార్లు కడిగినా, తోటలకు నీళ్ళు పట్టినా జరిమానా అని ప్రభుత్వం ప్రకటించింది.

“మావయ్యా, ఒక జనవరిలో నీళ్ళు మా కారు పట్టుకుపోయాయి. మరుసటి జనవరిలో కొత్త కారు కడగడానికి నీళ్ళు లేవు. ఇదేం న్యాయం?” అన్నాడు అల్లుడు.

ఈ ప్రశ్నకు నాకు జవాబు చెప్పింది ఇంజనీరు కాదు. పక్కింటి పెద్దాయన.

ఆయన మన తెలుగాయనే. ముత్తాతల నాడు కోరంగి రేవులో ఓడ ఎక్కి చెరకు తోటల్లో కూలికి వచ్చిన వాళ్ళ వంశం. ఆ రేవు పేరే పట్టుకుని అక్కడివాళ్ళు మనవాళ్ళని చాలాకాలం కోరంగులనే పిలిచారు. 1947లో వెలసిన ఆంధ్ర మహాసభ ఆ దీవిలో ఇవాళ్టికీ వుంది. ఉగాదికి దేశమంతటా సెలవు. పెద్దాయన ఇంట్లో క్రియోలు మాట్లాడతాడు. సింహాద్రి అప్పన్న పూజ మాత్రం తెలుగులో చేస్తాడు. జీవితమంతా చెరకు తోటల్లో నీటి పని చూసి రిటైరయ్యాడు. అక్కడి భాషలో నీళ్ళను ‘డిలో’ అంటారు. కుళాయి ఆగిపోతే ‘డిలో కూపే’ అంటూ పిల్లలు వీధిలో కేకలేస్తారు.

ఒక సాయంత్రం ఆయన మా వాకిట్లో కూర్చుని, మా ఆవిడను పది చెంబులు తెమ్మన్నాడు. ఇంట్లో అన్ని లేవు. చెంబులు, గ్లాసులు, గిన్నెలు కలిపి పది చేశాం.

“బాబూ, ఈ పదీ మా దీవిలో ఏడాదికి కురిసే వాన అనుకో” అని మొదలుపెట్టాడు. మూడు పక్కకు జరిపాడు. ఇవి ఎండకు ఆవిరయి, చెట్లు తాగి, ఆకాశానికే పోతాయి. ఒకటి మట్టిలోకి ఇంకి భూగర్భంలో చేరుతుంది. మిగిలిన ఆరూ చేత్తో వాకిలి అంచుకు తోసేశాడు. “ఇవి సముద్రానికి. పొద్దున గుట్టమీద పడ్డ చినుకు సాయంత్రానికి వుప్పునీళ్ళే!”

ఆ తరవాత నేను పుస్తకాలు తిరగేసి చూస్తే ఆయన లెక్క తప్పలేదు. ఆవిరి 30 పాళ్ళు, పారుదల 60 పాళ్ళు, ఇంకుదల 10 పాళ్ళు అని అక్కడి అధికార లెక్కలే చెబుతున్నాయి. దీవి పొడవు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. ఏరు పుట్టిన చోటునుంచి సముద్రం కనిపిస్తుంది. మన గోదావరి నాసిక్ దగ్గర పుట్టి దేశం అడ్డంగా నడిచి రావడానికి రోజులు పడుతుంది. ఎగువ నీరు లేచిందని కబురందితే దిగువన మూటాముల్లే సర్దుకోవచ్చు. అక్కడ అంత వ్యవధి లేదు. 2013 మార్చి 30న పోర్ట్ లూయీలో రెండు గంటలైనా పట్టని వాన పదకొండుమందిని పొట్టన పెట్టుకుంది.

ఇక జలాశయాల సంగతి. మార్ ఓ వాక్వాలో పట్టేది సుమారు 2.6 కోట్ల ఘనపు మీటర్లు. మన లెక్కలో ఒక టి.ఎం.సి.కి కాస్త తక్కువ. దీవిలోని పెద్ద జలాశయాలన్నీ అంచులదాకా నిండితే మొత్తం తొమ్మిది కోట్ల చిల్లర, అంటే మూడు టి.ఎం.సి.ల పైన. మన నాగార్జునసాగరంలో వందో వంతు! పన్నెండు లక్షల పైచిలుకు జనానికీ, చెరకుకూ, హోటళ్ళకూ, మిల్లులకూ ఆ చెరువులూ, మరి కొన్ని ఏళ్ళూ, భూగర్భంలో ఇంకిన ఆ ఒక్క చెంబే ఆధారం. పెద్దాయన చెంబుల లెక్కలో చెప్పాలంటే, పది చెంబుల వానకు జలాశయాలు ఒక వేళ పట్టగలిగేది పావు చెంబు.

“మరి ఇంకో పెద్ద డాము కట్టేస్తే పోలేదా?” అన్నాను. మనకు ఏ రోగానికైనా అదే మందు గదా!

ఆయన నవ్వి, మర్నాడు నన్ను కారెక్కించి మిడ్‌లాండ్స్ తీసుకుపోయాడు.

మిడ్‌లాండ్స్ డాము 2002 నాటికి కట్టారు. మొగలి మడుగంత నీరు ఇందులోనూ పడుతుంది. ఆగ్నేయానికి పోయే పెద్దేటి నీళ్ళని పైనే ఆపి, కాలువ ద్వారా లా నికోలియేర్ అనే చెరువుకు మళ్ళించి, అక్కడినుంచి ఉత్తరాన వున్న వూళ్ళకు తాగడానికీ, పొలాలకు పారడానికీ ఇస్తారు. దారిలో వాలు వున్న చోట చిన్న యంత్రం పెట్టి కరెంటు తీస్తారు. ఒకే నీరు మూడు పనులు. బహుళార్థసాధకం అని మన పెద్దలు చాలా ఏళ్ళ కిందటే అందమైన మాట తయారుచేసి పెట్టారు.

కట్టమీద గాలి విసురుగా వుంది. నీరు బాగా దిగిపోయి, ఒడ్డున ఎర్రమట్టి మెట్లు మెట్లుగా బయటపడింది. పెద్దాయన కిందికి చెయ్యి చూపించాడు. “అదే ఏటి మీద కింద శాంపేన్ కరెంటు కేంద్రం వుంది బాబూ. ఇక్కడ ఉత్తరానికి మళ్ళించిన ప్రతి చెంబూ అక్కడ చక్రం తిప్పడానికి రాదు. ఒకరికిచ్చామంటే ఇంకొకరికి లేదనే.”

అప్పుడు నాకు బోధపడింది, బహుళార్థసాధకమంటే బహుళ తగవులసాధకం కూడానని. కుళాయి తిప్పే ఇల్లాలు చెరువు ఎప్పుడూ నిండుగా వుండాలంటుంది. వరదకు భయపడే దిగువ వూరివాడు, తుపాను వస్తోందంటే చెరువు ఖాళీగా వుండాలంటాడు. కరెంటు కేంద్రంవాడు సాయంత్రం దీపాలవేళ నీరు వదలమంటాడు. రైతు తెల్లవారుజామున వదలమంటాడు. వీళ్ళందరికీ దిగువన, తీరాన్ని ఆనుకుని పగడపు దిబ్బలున్నాయి. ఏటి నీరు బొత్తిగా ఆగిపోయినా వాటిమీద బతికే చేపలకు చేటే, బురదనీరు ఒక్కసారిగా వచ్చిపడినా చేటే.

మన ఇళ్ళలో చూడండి. ఒకటే గది వుంటుంది. పెళ్ళికొచ్చే చుట్టాల కోసం దాన్ని ఖాళీగా వుంచాలి. ఏడాది గ్రాసం బస్తాలు కూడా అందులోనే పెట్టాలి. చుట్టాలు ఎప్పుడొస్తారో వుత్తరం రాయరు. అదీ డాము కాపరి అవస్థ. వరద వస్తుందని తలుపులెత్తి నీరు వదిలాక వాన మొహం చాటేస్తే, వేసవంతా జనం చేత తిట్లు. వదలకుండా వుంటే, ఆ రాత్రే తుపాను విరుచుకుపడితే, అంతకన్నా పెద్ద తిట్లు. పైగా ఇటీవల ఈ చుట్టాల రాకపోకలే మారిపోయాయి. వెనక నవంబరులో పట్టే వానలు ఇప్పుడు డిసెంబరు, జనవరి దాకా వెనకపడుతున్నాయి. కురిసే రోజులు తగ్గాయి, కురిసినరోజు కుండపోత. భూగోళం వేడెక్కుతున్న కొద్దీ ఇది పెరిగేదే గాని తరిగేది కాదని శాస్త్రజ్ఞులంటారు. అందుకే అలాంటి దీవికి నీరు ఆపుకునే చోటు కావాలి. వుండితీరాలి. ఎందుకంటే భూగర్భంలో ఆ ఒక్క చెంబునీ మరీ తోడేస్తే, తీరంలోని బావుల్లోకి సముద్రపు వుప్పు చొరబడుతుంది.

కాని కట్టడమే ఒక పరీక్ష. ఆ దీవి యావత్తూ అగ్నిపర్వతం కక్కిన రాయి. కొన్నిచోట్ల జల్లెడలా చిల్లులు, కొన్నిచోట్ల సొరంగాల్లాంటి గుహలు. పైన ఎంత ఎత్తు కట్ట వేసినా, కింద రాతిలో అడ్డుగోడ దించకపోతే నీరు మెల్లిగా జారిపోతుంది. పోర్ట్ లూయీకి నీళ్ళివ్వడానికి తలపెట్టిన బగతెల్ డాములో పునాది మట్టి అనుకున్నంత గట్టిది కాదని మధ్యలో తేలింది. డిజైను మార్చారు, ఖర్చు పెరిగింది, ఏళ్ళు దొర్లాయి. ఇల్లు కట్టించిన వాళ్ళకెవరికైనా ఆ బాధ చెప్పనక్కర్లేదు. దక్షిణాన మలుగుపాముల ఏరని పేరున్న ఏటి మీద మరో డాము మాట ఎన్నో ఏళ్ళుగా కాగితాల మీదా, టెండర్ల మీదా నడుస్తూ వచ్చింది. మా మేనకోడలు ఒళ్ళో బిడ్డను చూసుకుంటూ, “ఇది బడికి వెళ్ళేసరికైనా వస్తుందా మావయ్యా?” అనడిగింది. ఆ ప్రశ్న నవ్వుతూనే అడిగింది గాని, అక్కడే స్థిరపడదామా, తిరిగొచ్చేద్దామా అని మొగుడూ పెళ్ళాలు రాత్రిళ్ళు మాట్లాడుకోవడం మా ఆవిడ చెవిన పడింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అల్లుడు అసలు బాంబు పేల్చాడు. శుద్ధి చేసి గొట్టాల్లోకి వదిలిన నీటిలో సగానికి పైగా లెక్కకు రాకుండానే పోతోందట! పాత గొట్టాలకు పడ్డ చిల్లుల్లోంచి కారేది చాలావరకు. మిగతాది మీటర్లు సరిగా తిరగకా, చాటుగా వాడుకునేవాళ్ళ వల్లా. నేను నమ్మలేదు. మర్నాడు సరిచూస్తే నిజమే. అక్కడి పత్రికలూ, ప్రభుత్వమూ కూడా దాచుకోని సంగతే.

అంటే ఏమిటన్నమాట? గుట్టలు తవ్వి, రాతిలో గోడలు దించి, కోట్లు పోసి, పదేళ్ళు పోట్లాడి ఆపిన నీటిలో రెండు చెంబులు వదిలితే ఇంటికొచ్చేది ఒక చెంబైనా కాదు. డాము మీద డాము కట్టుకుంటూ పోయినా, చిల్లికుండలోకి పెద్ద బిందెతో పోసినట్టే. డాము కడితే మంత్రిగారు రిబ్బను కత్తిరిస్తారు, ఫోటో పడుతుంది. వీధి కింద తుప్పుపట్టిన గొట్టం తీసి కొత్తది వేస్తే ఎవరు ఫోటో తీస్తారు? పైగా రోడ్డు తవ్వారని తిడతాం.

పెద్దాయనను మళ్ళీ కదిపాను. “అయితే డాములు వద్దంటారా పెద్దయ్యగారూ?”

“వద్దని ఎవరన్నారు?” అన్నాడు ఆయన, కొంచెం కోపంగానే. “1960లో కారోల్ తుపాను వచ్చినప్పుడు నాకు ఏడేళ్ళు. మా ఇంటి కప్పు ఎగిరిపోతే అమ్మ నన్ను కొంగుకు కట్టుకుని కూచుంది. ఆ అమ్మే, ఎండలు కాసిన ఏడాదుల్లో, తుపాను రావాలి స్వామీ, వచ్చి పక్కనుంచి పోవాలి, అని అప్పన్నకు దణ్ణం పెట్టేది. చెరువులు నింపేది ఆ తుపాను వానే మరి. మా అమ్మ అలా మొక్కుకుంది. నేనూ మొక్కుకున్నాను. ఈ పాప అలా మొక్కుకోకుండా బతకాలి. అందుకు కట్ట కావాలి. కాని కట్టొక్కటే చాలదు. తలుపు దగ్గర కునికిపాట్లు పడని మనిషి కావాలి, దిగువన చిల్లులేని గొట్టం కావాలి. పోర్ట్ లూయీలో వాగులు పూడ్చి ఇళ్ళు కడుతుంటే, కొండమీద ఎన్ని కట్టలు వేస్తే మాత్రం మీ అల్లుడి కారు ఆగుతుందా?”

ఇంత చిన్న మాటలో నేను చదివిన రిపోర్టులన్నీ ఇమిడిపోయాయి.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మబ్బులు కమ్మి, గుట్టల మీంచి వాన దిగివచ్చింది. వీధి వీధంతా బయటికొచ్చింది. మా మేనకోడలు చూరు కింద బకెట్లు, గిన్నెలు, ఆఖరికి ప్రెషర్ కుక్కరు కూడా పెట్టింది. పెద్దాయన తన వరండాలో తలమీద తువ్వాలు వేసుకుని, వానను చూస్తూ అలాగే కూర్చున్నాడు. మర్నాడు పొద్దున మా ఆవిడ పాపకు నీళ్ళు పోస్తూ వుంటే, నిండిన బకెట్లు నాలుగు పక్కన వున్నాయి. “ఇవాళైనా సరిగ్గా పొయ్యొచ్చుగా?” అన్నాను. ఆవిడ నావైపు చూసి, నాలుగో చెంబు ముంచి, ఒక క్షణం ఆగి, తిరిగి బకెట్లో పోసేసింది. పాప ఏమీ అనలేదు. హాయిగా నిద్రపోయింది.

వాళ్ళు అక్కడే వుండాలని నిశ్చయించుకున్నారు. మేడమీద ఇంకో ట్యాంకు పెట్టించుకున్నారు.

ఇక మా ఇంటి సంగతి. మా పెరట్లో కుళాయి ఆరు నెలలుగా చుక్క చుక్క కారుతూండేది. వాషరు మార్చమని ఆవిడ చెబుతూనే వుంది. ఆదివారం చూద్దామని నేను అంటూనే వున్నాను. విమానం దిగి ఇంటికొచ్చిన రాత్రి, పడుకున్నాక, ఆ టప్ టప్ చప్పుడు వినిపించింది. ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువైంది. తెల్లవారాక కాఫీ అయినా తాగకుండా బజారుకు పోయి పది రూపాయలు పెట్టి వాషరు కొనుక్కొచ్చాను.

రిబ్బను కత్తిరించడానికి ఎవరూ రాలేదు. మా ఆవిడ మాత్రం వంటింటి కిటికీలోంచి చూసింది. కాఫీ ఆ రోజు కాస్త చిక్కగా వుంది.